ఒంటరివాని గుండెకోత

గుండెకు శస్త్రచికిత్స చేయించుకొనుటకై ఆసుపత్రి గడప త్రొక్కిన రోగిని మన దేశమున మొదట నడుగు ప్రశ్న వ్యాధినిగూర్చినది కాదు. "మీ వెంట నెవరు వచ్చినారు?" అనునది. భార్యయో, కుమారుడో, అల్లుడో ప్రక్కన నిలిచియున్నచో ఈ ప్రశ్న చెవికే సోకదు. ఎవ్వరును లేనివానికి మాత్రము మొదటి కత్తిగాటు ఇదియే. మత్తుమందు లేకయే పడు గాటు. అట్టివారు నేడు మన పట్టణములలోను పల్లెలలోను ఎందరో యున్నారు. భార్యను గోల్పోయిన వృద్ధులు, వివాహము వలదనుకొన్న స్త్రీపురుషులు, బిడ్డలను హైదరాబాదునకో బెంగుళూరునకో అమెరికాకో పంపి తాళపుచెవులతో మిగిలిన తల్లులు, వీరందరి గుండెలును తక్కినవారి గుండెలవలెనే కొట్టుకొనుచున్నవి. వీరి ధమనులును తక్కినవారి ధమనులవలెనే పూడుకొనుచున్నవి. కాని వీరి విషయమున మన వైద్యవ్యవస్థ యొక పెద్ద అబద్ధమును నమ్ముకొని నడచుచున్నదని మా యభిప్రాయము. ప్రతి రోగి యింటిలోను జీతము లేని పరిచారిక యొకతె సిద్ధముగా నున్నదనునదే ఆ యబద్ధము.

బైపాసు శస్త్రచికిత్స యనిన నెరుగని యిల్లు నేడు లేదు. గుండె కండరమునకు రక్తమును గొనిపోవు ధమనులు క్రొవ్వు పేరుకొని యిరుకైనప్పుడు, కాలినుండి తీసిన సిరను గాని ఱొమ్ములోపలి ధమనిని గాని తెచ్చి, పూడికకు ఆవలితట్టున అతికి, రక్తమునకు క్రొత్తదారి చేయుటయే ఇది. కృష్ణా గోదావరుల కాలువలను జూచిన తెలుగువారి కింతకంటె విడమరచి చెప్పనక్కరలేదు. కాలిసిరతో జేయు ఈ పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున రెనె ఫావలోరో అను అర్జెంటీనా వైద్యుడు నెలకొల్పెను. మన దేశమున మొదటి బైపాసును 1975లో మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ చేసెను. ధనవంతుల విలాసాలయమున గాక, రైలుకార్మికులకై వెలసిన ఆసుపత్రిలో ఇది యారంభమగుట మనము గర్వింపదగిన విషయమే. పిమ్మట 2007లో మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము తెలుగునాట నంతటను వ్యాపించి, తెల్లకార్డు గల పేదవానికిని ఈ చికిత్సను అందుబాటులోనికి దెచ్చెను. ఈ మేలును తక్కువ చేసి మాటలాడుట మా యుద్దేశము కాదు.

మా ఫిర్యాదు వేరు. శస్త్రచికిత్సకు బట్టునది కొన్ని గంటలు. ఆసుపత్రిలో నుండునది, చిక్కు లేవియు రానిచో, ఒక వారము. ఆ వారముతో ప్రభుత్వపు లెక్కలోను, భీమా కంపెనీ లెక్కలోను, ఆసుపత్రి లెక్కలోను చికిత్స చాలవరకు ముగిసినట్లే. రోగి యెముకల లెక్కలో మాత్రము అది యప్పుడే ఆరంభమైనది. ఱొమ్ముయెముకను నిలువునను కోసి, పని ముగిసిన వెనుక ఉక్కుతీగలతో బిగించి కట్టుదురు. ఆ యెముక అతుకుకొనుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు, గట్టిపడుటకు ఇంచుమించు మూడు మాసములు పట్టును. అందాక నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తరాదు, త్రోయరాదు, లాగరాదు, చేతులపై బరువు మోపి లేవరాదు, మోటారుబండి నడుపరాదు. ఇవన్నియు వ్రాసిన కాగిత మొకటి రోగి చేతికిచ్చి, శుభము పలికి పంపుదురు.

ఆ కాగితమును బట్టుకొని పాఠకులు మన సామాన్యుని యింటిలో నొకమారు తిరిగి చూతురుగాక. వంటగదిలో గ్యాసుబండ యున్నది. లోపలి గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో గలిసి దాదాపు 30. త్రాగునీటి డబ్బా 20 లీటర్లు, అనగా 20 కిలోలు. బియ్యపుబస్తా 25 కిలోలు. తడిసిన దుప్పటి నిండిన బకెట్టును ఎవ్వరును తూచి చూడలేదు గాని, అదియును నాలుగు కిలోల లెక్కలో నిలువదు. పప్పుడబ్బా పైయరలో నుండును. అందుకొనుటకు చేతులు తలపైకెత్తవలెను. మంచము గోడకానియున్నది. మరుగుదొడ్డి నేలమట్టపుదైనచో కూర్చున్నవాడు చేతు లూనక లేవలేడు. ఇల్లు మూడవ అంతస్తుపై నున్నది. లిఫ్టు విద్యుత్తుపై నాధారపడియున్నది. విద్యుత్తు దైవముపై నాధారపడియున్నది. వీనిలో నొక్కొక్కటియు వ్రాసియిచ్చిన నిషేధమును ఉల్లంఘించుటకు రోగిని దినమునకు పదిమార్లు పిలుచుచుండును. ఇంట మరియొక మనిషి యున్నచో ఇవి యేవియు సమస్యలు కావు. ఆ మనిషి లేనిచో, లక్షలు వెచ్చించి యతికించిన యెముక ఒక నీళ్లడబ్బా చేత కదలిపోవచ్చును.

ఇక సంతకము సంగతి. న్యాయవాదవృత్తిలో మా యొద్దకు వచ్చిన వ్యవహార మొకటి చెప్పెదము. ఒక విశ్రాంతోపాధ్యాయుడు, భార్య గతించినది, ఒక్కడే కుమారుడు సముద్రమున కావల నుద్యోగములో నున్నాడు. మూడు ధమనులు పూడినవని తేలి, శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయమైనది. తీరా చేరబోవునప్పుడు, రక్తసంబంధీకుని సంతకము లేనిదే కత్తి పట్టమని ఆసుపత్రివారనిరి. ఇరువదియేండ్లుగా గోడకు గోడ ఆనుకొని కాపురముండి, ప్రతిదినమును ఆయనతో కాఫీ త్రాగు పొరుగాయన "నేను సంతకము చేసెదను" అని ముందుకు వచ్చినను అంగీకరింపరైరి. కుమారునికి సెలవు దొరకలేదు. తేదీ పండ్రెండు దినములు వెనుకకు జరిగెను. ఆ పండ్రెండు రాత్రులును ఆయన నిద్రపోయెనా యని మే మడుగలేదు. తుదకు మేము వ్రాసిన యొక ఉత్తరముతో పని జరిగినది. ఆయన నేడు క్షేమముగా నున్నాడు. కాని ప్రతి ఒంటరివాని వెనుకను ఉత్తరము వ్రాయు న్యాయవాది యుండవలెనా యనునది మా ప్రశ్న.

చట్ట మీ విషయమున స్పష్టముగానే యున్నది. మతి స్థిమితముగా నున్న మేజరు తన దేహమునకు జరుగు చికిత్సకు తానే సమ్మతి నియ్యవలెను. ఇతరుల సమ్మతి దానికి బదులు కానేరదు. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ సూత్రమును నిష్కర్షగా జెప్పినది. అందు రోగి మత్తులో నుండగా, ప్రాణాపాయమేమియు లేని స్థితిలో, బల్లపైనున్న ఆమెను మేలుకొను వరకు ఆగి యడుగుటకు మారుగా, బయటనున్న తల్లి సమ్మతితో గర్భకోశమును తొలగించిరి. తల్లి సమ్మతి చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు, అమెరికాలోని కుమారుని సంతకము లేదని శస్త్రచికిత్సను నిలుపుట కే చట్ట మాధారము? రోగి తానే సంతకము చేసియున్నాడు. తక్కిన సంతకమంతయు ఆసుపత్రి భయము.

ఆ భయము పూర్తిగా నిరాధారమని మేమనము. రోగి బల్లపై మరణించినచో నెవరికి జెప్పవలెను? బిల్లు ఎవరు చెల్లింతురు? అర్ధరాత్రి రెండవమారు ఱొమ్ము తెరువవలసివచ్చినచో ఎవరిని సంప్రతింపవలెను? ఇవి న్యాయమైన ప్రశ్నలే. వీనికి జవాబు రక్తసంబంధము కాదు. రోగి తానే ముందుగా వ్రాసియిచ్చిన పేరు. కావున శస్త్రచికిత్సకు పోవు ఒంటరివాడు మొదట చేయవలసిన పని వైద్యపరీక్షలకంటె ముందే కాగితములు సిద్ధపరచుకొనుట. నమ్మకమైన మనిషి నొకనిని, వాడు మిత్రుడైనను పొరుగువాడైనను శిష్యుడైనను సరియే, ఆసుపత్రికి వ్రాతమూలమున దెలుపవలెను. బ్యాంకు, భీమా వ్యవహారములకు మాత్రమే పరిమితమైన ముక్త్యారునామా నొకటి వ్రాసియియ్యవలెను. సర్వాధికారములును ధారపోయు పత్రములను ఆదుర్దాలో వ్రాయరాదని మా వృత్తిధర్మముగా హెచ్చరించుచున్నాము. మరియు 1872నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ముక్త్యారునామా వ్రాసినవాడు మతి గోల్పోయినచో అది రద్దగునని గుర్తుంచుకొనవలెను. బ్యాంకులో నామినీగా నున్నవానికి మీరు జీవించియుండగా పైసా తీయు హక్కు లేదు. ఇది తెలియక తొందరపడిన కుటుంబములను మేము చూచియున్నాము. కోలుకొను ఆశ లేని స్థితి యేర్పడినచో యంత్రములతో ప్రాణము నిలుపవలెనా వలదా అను విషయమున ముందస్తు నిర్దేశపత్రము వ్రాయుటకు 2018లో సుప్రీంకోర్టు అనుమతించినది. 2023లో దాని పద్ధతిని సులభము చేసి, ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి నోటరీచేత గాని గెజిటెడు అధికారిచేత గాని ధ్రువీకరింపించిన చాలునన్నది. ఇవి అశుభములని జంకువారు పెక్కుమంది గలరు. ఇల్లు కొనుటకు ముందు దస్తావేజులు చూచుట అశుభమని యెవ్వరు ననరుగదా.

తరువాతది ఇల్లు. ఆసుపత్రికి పోవుటకు పది దినముల ముందే యింటిని రోగిగా భావించి చికిత్స మొదలుపెట్టవలెను. ప్రతిదినమును వాడు పాత్రలు, పప్పు, ఉప్పు, మందులు నడుమునకును భుజమునకును మధ్య ఎత్తులోనికి దింపవలెను. నిండు గ్యాసుబండను ముందే బిగింపించుకొనవలెను. నీటిని డబ్బానుండి చెంబులలోనికి, సీసాలలోనికి ఎవరిచేతనైన నింపించుకొనవలెను. మంచమునకు రెండు ప్రక్కలను చోటు వదలవలెను. ప్రక్కకు ఒత్తిగిలి, కాళ్లు క్రిందికి దించి, చేతుల కుదుపు లేక లేచు విధమును శస్త్రచికిత్సకు ముందే సాధన చేయవలెను, కోసిన తరువాత నేర్చుకొనుట కష్టము. స్నానపుగదిలో స్టూలు, మరుగుదొడ్డిలో కూర్చుండు పీట కావలెను. దారిలోని చాపలు, తివాసులు చుట్టి మూల బెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము తలుపు. ఒంటరివాడు రాత్రి లోపల గడియ వేసికొని పడుకొనును. అది రక్షణ యని తలచును. 2005నుండి మన రాష్ట్రమున 108 బండి పరుగెత్తుచున్నది. అది వీధిలోనికి వచ్చి నిలుచును గాని, లోపలి గడియ తీయజాలదు. బయటినుండి తెరువదగిన తాళమును బెట్టించుకొని, మారుచెవి యొకటి పొరుగింట నుంచవలెను.

దేహమునుగూర్చి వైద్యులే చెప్పుదురు గనుక మేము క్లుప్తముగా దాటెదము. పొగ మానవలెను, మానుటకు శస్త్రచికిత్స ముందటి రాత్రి కాదు, నాలుగు వారముల ముందైన కావలెను. చక్కెరవ్యాధి యున్నవారు దానిని అదుపులోనికి దెచ్చుకొననిచో గాయము మానదు. రక్తము పలుచన చేయు మందులలో నేది ఆపవలెను, ఎప్పుడు ఆపవలెను అను నిర్ణయము వైద్యునిదే. పొరుగువారి యనుభవము వినదగినది కాదు. వేసికొను మందులన్నిటిని ఒక కాగితముపై పెద్దక్షరములతో వ్రాసి, ఒక ప్రతి తమ యొద్దను, ఒకటి మారుచెవి గలవారి యొద్దను ఉంచవలెను.

శస్త్రచికిత్స వెనుక ఒకటి రెండు దినములు ఐసీయూలో గడచును. అప్పు డొంటరివానికిని బంధువులు గలవానికిని భేదము లేదు, ఇద్దరిని చూచువారు నర్సులే. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు గుండె లయ తప్పి కొట్టుకొనుట తరచుగా జరుగును. వైద్యు లెరిగిన సంగతియే, మందులతో కుదుటపడును. మూడు బంతులు గల ప్లాస్టికు పరికరము నిచ్చి ఊపిరి లోనికి పీల్చుమందురు. దగ్గు వచ్చినపుడు దిండును ఱొమ్మునకు హత్తుకొనుమందురు. వార్డులోనికి వచ్చినతోడనే భేదము బయటపడును. మందుల చీటీ పట్టుకొని మెట్లు దిగువా రెవరు? రక్తమిచ్చువారిని కూడగట్టువా రెవరు? నర్సు నొకమారు పిలుచువా రెవరు? మన ఆసుపత్రులలో ఈ పనులలో సగము రోగి బంధువు చేయునని యందరకును దెలియును. ఎవ్వరును వ్రాతలో నొప్పుకొనరు.

ఇంటికి వచ్చిన పిమ్మటి మొదటి పదునాలుగు దినములే క్లిష్టమైనవి. ఈ కాలమున పగలును రాత్రియు మనిషి యొకరు వెంట నుండుట యుత్తమము. అది కుదరనిచో ఉదయ మొకమారు, సాయంత్ర మొకమారు వచ్చి చూచువారైన నుండితీరవలెను. ప్రతిదినమును లేచినతోడనే బరువు చూచుకొనవలెను. ఒక్క దినమున కిలోకు మించియో, వారమున రెండు కిలోలకు మించియో బరువు పెరిగినచో దేహమున నీరు చేరుచున్నదని యర్థము. జ్వరము 100.4 డిగ్రీలు దాటినను, గాయమునుండి చీము వంటిది వచ్చినను, ఎముక కదలినట్లు టకటక మని చప్పుడైనను, ఊపిరి యాడకున్నను తెల్లవారువరకు వేచియుండరాదు. సిర తీసిన కాలు వాచుట మామూలే. ఎత్తున బెట్టుకొని కూర్చున్న తగ్గును. ఒక్క కాలిపిక్కయే గట్టిపడి నొప్పి పెట్టిన మాత్రము వైద్యునికి జెప్పవలెను. నడక మందువంటిది, మొదట ఇంటిలోనే అయిదు నిమిషములు, క్రమముగా వీధిచివర వరకు, నెల దాటునప్పటికి అరగంట.

అన్నము సంగతిలో ఒంటరివానికి మరియొక గండ మున్నది. నాలుక రుచి చచ్చి, ఆకలి మందగించి, వండుకొనుటకు ఓపిక లేక యుండును. అట్టివానికి అలమరలోని ఆవకాయజాడీ యంతటి ఆప్తుడు లేడు. వేడియన్నములో నంత కలుపుకొనిన భోజనము ముగిసినది. ఆ జాడీలోని యుప్పు ఏమి చేయునో చెప్పుటకు వైద్యుడే కానక్కరలేదు. ఆవకాయకు మేము శత్రువులము కాము. ఈ మూడు మాసములు దానిని గూడ పొరుగింటనే, మారుచెవి ప్రక్కనే, ఉంచుడనుచున్నాము.

మనస్సును గూర్చి మన యాసుపత్రి కాగితములలో నొక్క పంక్తియైన గానరాదు. గుండె కోయించుకొనినవారిలో పెక్కుమందికి కారణము లేని కన్నీరు, పీడకలలు, మతిమరపు, దేనియందును ఆసక్తి లేమి కొన్ని వారములపాటు కలుగును. ఇంట మనుషులున్నవారి కది మాటలలో తేలిపోవును. ఒంటరివాడు తన గుండెచప్పుడును తానే వినుచు, ప్రతి పోటును మరణమనుకొనుచు, రాత్రి రెండుగంటల వేళ దీపము వేసికొని కూర్చుండును. ఇది మెత్తనిమనసువారి ముచ్చట కాదు. స్వీడను దేశమున బైపాసు రోగులపై జరిగి 1998లో వెలువడిన పరిశోధనలో, శస్త్రచికిత్సకు ముందు "నేనొంటరినని తోచుచున్నది" అని చెప్పినవారిలో ముప్పది దినములలోపలను, అయిదేండ్లలోపలను గూడ మరణములు ఎక్కువగా నుండెనని తేలినది. ఒంటరిగా నివసించుట వేరు, ఒంటరినని తోచుట వేరు. మొదటిదానిని వైద్యము మార్చజాలదు, మార్చనక్కరయు లేదు. పెక్కుమంది దానిని కోరి యెన్నుకొన్నారు. రెండవది సాయంకాలమున నొకడు వచ్చి పావుగంట కూర్చుండి పోయిన తగ్గును.

ఇందుకు పెద్దలు కొందరు వెంటనే చెప్పు సమాధాన మున్నది: ఉమ్మడి కుటుంబము చెడినది గనుకనే ఈ దుర్గతి, బిడ్డలు తలిదండ్రులను విడిచిపోరాదు, ఆడుది పెండ్లి మానరాదు. మంచిది. ఆ యుమ్మడి కుటుంబమున రోగికి సేవచేసిన దెవరు? పదునారేండ్లకే పసుపుకుంకుమలు గోల్పోయి పుట్టింట మిగిలిన మేనత్త, నోరెత్తని చిన్నకోడలు. వారికి జబ్బు చేసినపుడు చూచినవా రెవరో ఆ పెద్దలు చెప్పుదురుగాక. నేటికిని గుండెకోత కోయించుకొన్న స్త్రీ యింటికి వచ్చిన పదియవనాటికే పొయ్యి ముందు నిలుచుట మేము చూచుచున్నాము. ఇంటినిండ మనుషులున్నను ఆమె విషయమున ఆమె ఒంటరిదే. వెనుకటి యిల్లు తిరిగి రాదు. వచ్చినను, ఒకరి జీవితమును మరియొకరి మంచమునకు గట్టివైచు ఆ యేర్పాటును మేము కోరము.

డబ్బిచ్చి మనిషిని పెట్టుకొనవచ్చునుగదా యని మరికొంద రందురు. పెట్టుకొనగలవారు పెట్టుకొనుచునే యున్నారు. ఇంటికి పరిచారకులను పంపు సంస్థలు నగరములలో వీధి కొకటి వెలసినవి. పంపబడిన మనిషికి గాయము కడుగుట తెలియునో లేదో అడుగునాథుడు లేడు. ఆరోగ్యభీమా పత్రములలో సాధారణముగా ఇంటికి వచ్చిన తరువాతి మందులకు, పరీక్షలకు కొంతకాలము సొమ్ము వచ్చును. అన్నము వండి పెట్టి, చేయి పట్టి నడిపించు మనిషికి రాదు. పింఛనుపై బ్రదుకువాడు, దినకూలి చేయువాడు ఏమి చేయును?

ఇది ప్రభుత్వమునకు దెలియని సంగతి కాదు. ఆంధ్రప్రదేశమున 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా యను పేర నొక పథకము ప్రారంభింపబడెను. శస్త్రచికిత్స వెనుక రోగి కోలుకొను కాలమునకు దినమునకు 225 రూపాయలు, మాసమునకు 5,000 రూపాయలకు మించకుండ ఇచ్చుటకు ఏర్పాటు చేసిరి. పార్టీల మాట యటుంచి, ఇందలి సూత్రమును మేము గట్టిగా పట్టుకొనుచున్నాము: కోలుకొను కాలమును చికిత్సలో భాగమేయని ఒక ప్రభుత్వము లిఖితపూర్వకముగా ఒప్పుకొన్నది. ఆ యొప్పుదలను ఏ ప్రభుత్వమును వెనుకకు దీసికొనరాదు. ఐతే సొమ్ము గ్యాసుబండ నెత్తజాలదు. ఇంగ్లండున 2014నాటి సంరక్షణ చట్టమును దాని నిబంధనలును అనుసరించి, ఆసుపత్రినుండి వచ్చినవాడు మరల తన పనులు తాను చేసికొనగలుగు వరకు అవసరమగు సేవను ఆరువారముల వరకు ఉచితముగా నియ్యవలెను. ఆరువారములు! ఱొమ్ముయెముక యడుగు గడువును చట్టమే వ్రాసినట్లున్నది. ఆ దేశపు సంపద మనకు లేదందురు. నిజమే. ఆ దేశమునకు లేని ఆశా కార్యకర్త మన ప్రతి యూరను గలదు. ఆమెకు తగిన శిక్షణయు, తగిన వేతనమునిచ్చి, బైపాసు రోగి యింటికి మొదటి మాసమున వారమునకు రెండుమార్లు పంపుట అసాధ్యమా? ఇప్పటికే మోయలేని పనులు మోయుచున్న ఆమెపై ఊరక మరియొకటి వేయుడని మాత్రము మేము చెప్పుటలేదు.

కేరళమును జూడుడు. 1993లో కోజికోడులో ఒక వైద్యకళాశాల యావరణమున, నయముకాని రోగుల బాధను తగ్గించుటకై కొందరు వైద్యులు చిన్న సంఘము నొకటి స్థాపించిరి. కొలదికాలములోనే యిరుగుపొరుగువారు శిక్షణ పొంది, నర్సుల వెంట ఇండ్లకు పోవు పద్ధతి జిల్లాలకు జిల్లాలే వ్యాపించెను. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దానిని తన విధానముగా బ్రకటించెను. అచ్చటి సేవకులలో ఉపాధ్యాయులు, దుకాణదారులు, ఆటో నడుపువారు, కళాశాల విద్యార్థులు గలరు. వారు చేయునది వైద్యము కాదు. గుడ్డలు మార్చుట, మందు వేసికొనెనా యని అడుగుట, ప్రక్కన కూర్చుండుట. అది మరణమునకు చేరువలో నున్నవారికై యేర్పడినది. జీవితమునకు తిరిగి వచ్చుచున్నవారికి పనికిరాదని ఎవరనగలరు?

బైపాసును నెలకొల్పిన ఫావలోరో క్లీవ్‌లాండు చేరుటకు ముందు పండ్రెండేండ్లు తన దేశమున హసింటో అరాఉస్ అను మారుమూల పల్లెలో సామాన్యవైద్యుడుగా నుండెను. అచ్చట రక్తము నిలువచేయు సదుపాయము లేదు. ఆతడు పల్లెవారిలో ఎవరిది యే రక్తమో వ్రాసియుంచి, కావలసినప్పుడు పిలిచిన వచ్చునట్లు ఏర్పాటు చేసెను. ఊరే రక్తనిధి యయ్యెను. ఆతని విద్యలో కత్తి పట్టుటను మన వైద్యులు చక్కగా నేర్చినారు. ఈ రెండవ విద్యకు కళాశాల యక్కరలేదు.

కావున మేము కోరునవి పెద్దవి కావు. ఆసుపత్రుల దరఖాస్తులో "రక్తసంబంధీకుడు" అనుచోట "రోగి పేర్కొన్న వ్యక్తి" అని అచ్చువేయవలెను. అందుకు కాసు ఖర్చు లేదు. శస్త్రచికిత్సకు తేదీ యిచ్చుదినముననే "ఇంట నెవరున్నారు?" అని యడిగి, ఎవ్వరును లేరనిన, రోగిని వెనుకకు పంపుటకు మారుగా, ఆ సంగతిని వాని యూరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు దెలుపవలెను. జిల్లా ఆసుపత్రులలో పది మంచముల గది యొకటి, వైద్యులకొరకు గాక, కోలుకొనువారికొరకు తెరువవలెను. కులమున కొక సత్రము, వీధి కొక కల్యాణమండపము కట్టించిన దాతల జాతి మనది. మూఢములో మాసములకొలది తాళము వేసియుండు ఆ మండపముల గదులలో నాలుగైనను ఈ పనికి వదలినచో పెండ్లిండ్లేవియు నాగిపోవు.

ఇక మన వంతు. వారమునకు దినము లేడు. ఏడుగురు మనుషులు ఒక్కొక్క దినము వంతు పెట్టుకొని, ఉదయమున పావుగంట, సాయంకాలమున అరగంట ఒక రోగి యింటికి పోయిరాగలిగినచో, ఆరువారములలో ఒక్కొక్కనికి బడు శ్రమ ఆరు దినములు. ఉదయము పోయినవాడు నీళ్లు నింపి, బరువు వ్రాసి, మందులు చూచి వచ్చును. సాయంకాలము పోయినవాడు వెంట నడచి, కొంచెముసేపు కూర్చుండి, మాటలాడి వచ్చును. శిక్షణ యిచ్చుటకు ఈ పట్టణపు వైద్యులలో ఇద్దరు అంగీకరించియున్నారు. మా కార్యాలయమున నొక పుస్తకము తెరచియుంచితిమి. అందు మూడే గడులు: పేరు, వీధి, తీరికయగు దినము. కార్తికమాసమున శస్త్రచికిత్సకు పోనున్న యొక వృద్ధురాలి పేరు మొదటి పుట పైభాగమున నున్నది. ఆమె పేరు క్రింద నిప్పటికి నాలుగు పేర్లు చేరినవి. మంగళ, గురు, ఆదివారములు ఖాళీగా నున్నవి.